పర్లాకిమిడిలో పన్నెండు ప్యాకెట్లు

గుణుపూర్ పాసింజర్ నౌపడ దగ్గర మెయిన్ లైన్ వదిలి లోపలికి తిరిగింది. ఉప్పుమళ్లు వెనకబడి కోతకొచ్చిన వరిచేలు మొదలయ్యాక బ్యాగ్ ఒళ్లోకి తీసుకున్నాను. అందులో రెండు జతల బట్టలు, అత్తకి అమ్మ పంపిన మాగాయ సీసా, ఒక నోటుపుస్తకం, ఇంకా చింపని పన్నెండు కార్డు ప్యాకెట్లు ఉన్నాయి. ఆరు నాకు, ఆరు బావ కూతురికి. తను ఎనిమిదో తరగతి. పోయిన వేసవిలో విశాఖ వచ్చినప్పుడు నా దగ్గర మ్యాజిక్: ద గ్యాదరింగ్ నేర్చుకుంది. కొత్త సెట్ వస్తే తనతోనే మొదటి ఆట ఆడతానని అప్పుడే మాటిచ్చాను.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఈ ఆటను రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారు చేశారు, 1993లో బయటికొచ్చింది. ఏటా కొత్త కార్డుల సెట్లు వస్తూనే ఉంటాయి. సెట్ విడుదలకు ముందే కార్డులన్నీ చూపిస్తారు. అప్పుడు మాలాంటి ఆటగాళ్లందరం కూర్చుని ఏది బలమైనది, ఏది పనికిరానిది అని లెక్కలు వేస్తాం. నేను ఐదుకి ఇన్ని అని మార్కులు వేస్తాను. పదేళ్లుగా ప్రతి సెట్‌కీ వేస్తున్నాను. 2024 నవంబర్ 15న వచ్చిన ఫౌండేషన్స్ సెట్‌కైతే (బ్యాగ్‌లో ఉన్నవి దాని ప్యాకెట్లే) మరీ శ్రద్ధగా వేశాను, ఎందుకంటే ఆ కార్డులు కనీసం 2029 దాకా స్టాండర్డ్ ఆటల్లో, అంటే ఈమధ్య వచ్చిన సెట్లతోనే ఆడే ఆటల్లో, చెల్లుతాయి. మామూలు సెట్లు అంతకంటే చాలా ముందే పక్కకి వెళ్లిపోతాయి. ఇన్నేళ్లు చేతిలో ఉండే కార్డుల విలువ మొదట్లోనే తప్పుగా కడితే ఆ తప్పుతో చాలాకాలం ఆడాల్సి వస్తుంది.

టెక్కలి, టెంబూరు, పాతపట్నం. ఆ తర్వాత పర్లాకిమిడి. ఈ దారిలో 1900లో రాజావారి చిన్న రైలు మొదలైంది. నాన్న చిన్నప్పుడు అందులోనే ఈ ఊరికి వచ్చేవాళ్లమని చెప్పేవారు. ఇప్పుడది బ్రాడ్‌గేజ్. స్టేషన్ బోర్డు మీద ఒడియా అక్షరాలు గుండ్రంగా కనబడ్డాయి. బయట ఆటో అబ్బాయి మాత్రం "ఎక్కడికెల్లాలి బాబూ" అన్నాడు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ఊరు అటు వెళ్లింది. ఇంట్లో మాటలు ఇటే ఉండిపోయాయి.

ఇంటికి చేరేసరికి సాయంత్రం అయింది. కార్తీకమాసం చివరి వారాలు, అత్త తులసి కోట దగ్గర దీపం పెడుతోంది. కాళ్లు కడుక్కునే లోపే పాప "మావయ్యా, ప్యాకెట్లు?" అంది. భోజనాలయ్యాక అని బావ గదమాయించాడు కానీ, ఆయనకీ ఆత్రం ఆగలేదు. హాల్లో చాప వేశాం. ప్యాకెట్‌కి 14 కార్డులు, ఒక్కొక్కరికి 84. వాటిలోంచి ఆడటానికి 40 కార్డుల కట్ట, అంటే డెక్, కట్టుకోవాలి. మామూలుగా 17 ల్యాండ్‌లు, 23 మిగతావి. ల్యాండ్‌లు మానా ఇస్తాయి, ఆ మానాతోనే మిగతా కార్డుల ధర కట్టి దింపాలి.

నా నోటుపుస్తకం చూపించి మార్కులు ఎలా వేస్తానో పాపకి చెప్పాను. మొదటి కొలబద్ద పాతది: గ్రిజ్లీ బేర్స్. రెండు మానాకి రెండు బలం, రెండు ప్రాణం. 1993 నుంచీ ఉన్న కార్డు. కొత్త క్రీచర్ (పోరాడే జీవి కార్డు) ఏది వచ్చినా, అంత ధరకి ఈ ఎలుగుబంటి కంటే ఎక్కువ ఇస్తోందా అని చూస్తాను. దెబ్బకొట్టే కార్డులకి లైట్నింగ్ బోల్ట్ కొలబద్ద: ఒక మానా, మూడు దెబ్బలు. తర్వాత నాలుగు ప్రశ్నలు. ఆట మొదట్లో ఈ కార్డు వస్తే ఏంటి? ఇద్దరమూ సమానంగా ఉన్నప్పుడు? నేను ముందున్నప్పుడు? వెనకబడ్డప్పుడు? ఈ నాలుగింటిలో ఎన్నింటికి పనికొస్తే అంత మంచి కార్డు. ఇది నా సొంత కనిపెట్టుడు కాదు, చాలామంది వాడే పద్ధతే. కానీ చివరికి వీటన్నిటినీ కలిపి ఒకే అంకె రాసేస్తాను. ఆ అంకె మీద నాకు నమ్మకం ఉండేది.

మావయ్య వాళ్ల నాన్నగారు, అంటే అత్తకి మావగారు, వాలుకుర్చీలో కూర్చుని ఇదంతా వింటున్నారు. ఎనభై ఎనిమిదేళ్లు. కళ్లు మసకబారాయి, చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి.

"ఏట్రా అబ్బాయ్, కార్డు కార్డుకీ మార్కులేటి? పరీచ్చా?" అన్నారు.

ఆయనకి తెలుగులో చెప్పాలి. కార్డుల మీద ఉన్న ఇంగ్లీషు మాటలు పెడితే కుదరదు. ఈ ఊరి బళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు నోటితో మాట్లాడే భాషే పుస్తకంలోకి రావాలని పోరాడారు. అదే ఊళ్లో కూర్చుని నేను మానా, ట్యాప్, కిక్కర్ అంటూ ఉంటే నాకే ఇబ్బందిగా అనిపించింది. ఆలోచించి ఇలా చెప్పాను: "తాతగారూ, ల్యాండ్ అంటే పొలం. రోజుకి ఒక పొలం మాత్రమే చేతిలోంచి కింద పెట్టుకోవచ్చు. ప్రతి పొలమూ రోజుకి ఒక బస్తా ఇస్తుంది. ఆ బస్తాలు ఖర్చుపెట్టి మనుషుల్ని దింపాలి, అవతలివాడి మీదకి పంపాలి. ఇద్దరికీ చెరో 20 ప్రాణాలు. ముందు ఎవరివి అయిపోతే వాళ్లు ఓడినట్టు."

"పంట దాచుకోడానికి లేదా?"

"లేదు. ఆ రోజు బస్తా ఆ రోజే."

ఆయన తల ఊపారు. ఇలా చెప్పడం మొదలుపెట్టాక నాకు ఒక విషయం తెలిసింది. ఒక కార్డు ఏం చేస్తుందో ఇంత మామూలు మాటల్లో చెప్పలేకపోతే, దాని మీద నేను వేసిన మార్కు ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్నదే. రెండు మూడు కార్డుల దగ్గర నిజంగానే ఆగిపోయాను.

లానోవార్ ఎల్వ్స్ తీసి చూపించాను. "ఇతనికి ఒక్క బస్తా చాలు. బలం ఒకటే, ప్రాణం ఒకటే. కానీ ఇతనే ఒక పొలంలాగా రోజుకో బస్తా ఇస్తాడు. మొదటి రోజు దింపితే రెండో రోజుకి అవతలివాడికి రెండు బస్తాలు, నాకు మూడు. నేను ఐదుకి నాలుగున్నర వేశాను."

"ఎప్పుడొచ్చినా నాలుగున్నరేనా?"

నేను జవాబు చెప్పేలోపే ఆయన పాపని లోపలికి పంపి, మంచం కింద ట్రంకు పెట్టెలోంచి ఒక చెక్క డబ్బా తెప్పించారు. మూతకి రంగు వెలిసిపోయింది. లోపల గుండ్రటి కార్డులు. గంజపా. మన నిర్మల్‌లో కూడా ఒకప్పుడు గంజీఫా పేరుతో ఇలాంటివి చేసేవారు. ఒడిశాలో ఇప్పటికీ చిత్రకారులు చేస్తున్నారు. గుడ్డ పొరల్ని చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, ఆరాక గుండ్రంగా కోసి బొమ్మలు వేస్తారు. చేతిలోకి తీసుకుంటే పాత పేకముక్కలా వంగదు, అప్పడంలా గట్టిగా ఉంటుంది. వేలికి లక్క నునుపు తగిలింది. ఒక అంచు దగ్గర పెచ్చు లేచి లోపలి గుడ్డ నేత కనబడుతోంది. ఎన్ని చేతులు మారితే అంత అరిగిందో.

తాతగారిది ఎనిమిది రంగుల ఆట. రంగుకి 12 చొప్పున 96 ఉండాలి. కొన్ని పోయాయి. పది రంగుల దశావతారం ఆటలో 120, పన్నెండు రంగుల ఆటలో 144 ఉంటాయి. ప్రతి రంగులోనూ ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెల ముక్కలు. ఇంతవరకు మనకి తెలిసినట్టే ఉంది. ఆ తర్వాత తాతగారు చెప్పినది వినగానే నేను పుస్తకం మూసేశాను.

సగం రంగుల్లో రాజు, మంత్రి తర్వాత పది పెద్ద, ఒకటి చిన్న. మిగతా సగం రంగుల్లో తలకిందులు. రాజు, మంత్రి తర్వాత ఒకటే పెద్ద, పది అన్నిటికంటే చిన్న.

"పది ముక్క మంచిదా తాతగారూ అనడిగితే ఏటి చెప్తాను? ఏ రంగు పదిరా అని అడుగుతాను," అన్నారు. "అదీ కాక, రాజు పడిపోయాడనుకో, మంత్రే పెద్ద. మంత్రీ పడిపోతే కింద ముక్కకి పెద్దరికం వొస్తాది. చేతిలో ముక్క అదే. మారింది బయట. ఎవరెవరు పడిపోయారో గుర్తెట్టుకున్నోడే ఆటగాడు."

దశావతారం ఆటలో అయితే పగలు ఆడితే రాముడి రాజు ఉన్నవాళ్లు, రాత్రి ఆడితే కృష్ణుడి రాజు ఉన్నవాళ్లు ముందు ఆడాలి. అంటే పొద్దుని బట్టి కూడా ముక్క పని మారుతుంది. నాలుగు పరిస్థితుల లెక్క నేను ఇన్నాళ్లూ చెబుతూనే ఉన్నాను. చెబుతూనే ఒక్క అంకె రాసి ఊరుకుంటున్నాను. పదేళ్ల పుస్తకాల్లో కొన్ని వేల కార్డుల పక్కన అలా రాశాను. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

నా ఒక్కడి పొరపాటే కాదు. 1995లో ఐస్ ఏజ్ సెట్‌లో నెక్రోపొటెన్స్ అనే కార్డు వచ్చింది. అది దింపితే రోజూ వచ్చే కార్డు ఇక రాదు, కావాలంటే ఒక్కో ప్రాణం ఇచ్చి ఒక్కో కార్డు కొనుక్కోవాలి. ప్రాణాలు పోగొట్టుకునే కార్డు ఎవరికి కావాలని మొదట్లో చాలామంది పక్కన పెట్టేశారు. మరుసటి ఏడాదికి పెద్ద పోటీలు చాలావరకు దాని చుట్టూనే తిరిగాయి. 20 ప్రాణాల్లో చివరిది ఒక్కటే ఓటమి, మిగతా 19 ఖర్చుపెట్టుకునే డబ్బే అని అర్థం కావడానికి అంత సమయం పట్టింది. కార్డు మారలేదు.

ఆదివారం వనభోజనాలు. మహేంద్రతనయ నది దగ్గర తెలిసినవాళ్ల తోటలో ఉసిరిచెట్టు ఉంది. వీధిలోని నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్లాం. ఉల్లి, వెల్లుల్లి లేని వంట. పులిహోర, చిక్కుడుకాయ కూర, గుమ్మడికాయ దప్పళం, బెల్లం పరమాన్నం. ఆ దప్పళం రుచి గురించి వేరే రాయాలి. తిన్నాక పెద్దవాళ్లు ఒక జంపఖానా మీద పేకాటకి కూర్చున్నారు. ఇంకో జంపఖానా మీద మేమిద్దరం. తాతగారి కుర్చీ మా వైపే వేయించుకున్నారు.

పాప డెక్ తెలుపు, ఎరుపు. అందులో హేర్ అపారెంట్ ఉంది. ఇది కొత్త కార్డు, కామన్, అంటే ప్యాకెట్లలో తరచుగా దొరికే రకం. రెండు మానాకి రెండు బలం, రెండు ప్రాణం, అంటే సరిగ్గా మన ఎలుగుబంటి కొలత. కాకపోతే అది దిగినప్పుడు, అదే పేరున్న కుందేళ్లు మన దగ్గర ఇంకెన్ని ఉంటే అన్ని చిన్న కుందేలు పిల్లలు వస్తాయి. ఒకే కార్డు నాలుగుకి మించి పెట్టకూడదన్న మామూలు నియమం దీనికి లేదు. ముందే కట్టుకొచ్చే 60 కార్డుల డెక్‌లో ఎన్నైనా పెట్టుకోవచ్చు. ప్యాకెట్లు విప్పి ఆడే ఆటలో అన్ని ఎక్కడ దొరుకుతాయని నేను ఒకటిన్నర వేశాను. పాపకి రెండొచ్చాయి. నాకొచ్చిన ఒక్కటీ ఇమ్మంది. ఇంటి ఆటే కదా, ఇచ్చాను.

మొదటి ఆట నాది. మొదటి టర్న్‌లోనే లానోవార్ ఎల్వ్స్ దిగాడు. ప్రతి టర్న్‌కీ తనకంటే ఒక బస్తా ముందున్నాను. తను తేరుకోలేదు.

రెండో ఆటలో పాప మొదటి కుందేలు దింపింది, ఏమీ రాలేదు. రెండోది దింపితే ఒక పిల్ల. మూడోది దింపితే రెండు. మొత్తం ఆరు. "ఎకొ, దుయి, తిని..." అని ఒడియాలో లెక్కపెడుతూ తర్వాతి టర్న్‌లో ఆరింటినీ దాడికని పక్కకి తిప్పింది. బళ్లో నేర్చుకున్న లెక్క మరి, ఆట తెలుగులో ఆడినా అంకెలు ఒడియాలోనే వస్తాయి. "మావయ్యా, నాలుగోది ఉంటే ఇంకో మూడు పిల్లలు కదా? అప్పుడు పది!" అంది. నిజమే. ఒక్క కుందేలుకి ఒకటిన్నర సరైన మార్కే. మూడో కుందేలుకి అది చాలా తప్పు.

ఆ సమయంలో నాకు కావలసింది తెలుపు రంగులోని డే ఆఫ్ జడ్జ్‌మెంట్. నాలుగు మానా, బోర్డు మీదున్న క్రీచర్లన్నీ పోతాయి, మనవీ ఎదుటివాళ్లవీ. గెలుస్తున్నవాడికి దానితో పని లేదు. మునిగిపోతున్నవాడికి అంతకంటే మంచి కార్డు దొరకదు. నా డెక్‌లో లేదు. తొమ్మిదో టర్న్‌లో, చేతిలో ఒక్క కార్డూ మిగలనప్పుడు, పైనుంచి తీస్తే వచ్చింది లానోవార్ ఎల్వ్స్. ఎనిమిది పొలాలున్నవాడికి తొమ్మిదో బస్తా. దాంతో కొనడానికి ఏమీ లేదు.

"పొద్దున్న రావాల్సినోడు సందేల వొచ్చాడు," అన్నారు తాతగారు.

నా ప్రాణాలు నాలుగు ఉన్నాయి. పాప బర్స్ట్ లైట్నింగ్ తీసింది. ఒక మానా ఇస్తే రెండు దెబ్బలు, ఇంకో నాలుగు కలిపి ఇస్తే నాలుగు దెబ్బలు. లైట్నింగ్ బోల్ట్‌తో పోల్చి తక్కువ అని మూడున్నర వేసిన కార్డు. మొదటి రోజుల్లో వచ్చినా పనికొస్తుంది, చివర్లో వచ్చినా పనికొస్తుంది. పాప ఐదు ల్యాండ్‌లు ఒక్కొక్కటే జాగ్రత్తగా పక్కకి తిప్పి కార్డు నా ముందు పెట్టింది. నాలుగు దెబ్బలు. ఆట అయిపోయింది. నేను సంతోషంతో దాని తల నిమిరాను. మూడో ఆట మధ్యలో ఉండగా పరమాన్నం రెండో విడత పిలుపు వచ్చింది.

సోమవారం బయల్దేరే ముందు తాతగారి కాళ్లకి దణ్ణం పెట్టాను. "ఈసారొచ్చేటప్పుడు దాని కోసం ఆ కుందేళ్లు ఇంకో పది పట్టుకురా," అన్నారు. అలాగేనన్నాను. గంజపాలో పోయిన ముక్కలు ఏవేవో పాప చేత జాబితా రాయించి జేబులో పెట్టుకున్నాను. పూరీ దగ్గరి రఘురాజపురంలో చిత్రకారుల చేత అదే కొలతకి చేయించవచ్చేమో అడిగి చూస్తాను.

రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. నోటుపుస్తకం తీసి, మార్కుల వరుస మొత్తం కొట్టేసి, పక్కన ఖాళీలో మాటలు రాయడం మొదలుపెట్టాను. లానోవార్ ఎల్వ్స్: మొదటి టర్న్‌లో వస్తే అన్నిటికంటే ముందు ఇదే, ఆరో టర్న్ దాటితే దీని బదులు ఏదైనా మేలు. హేర్ అపారెంట్: ఒకటైతే ఎలుగుబంటి, మూడైతే ముందు దీన్నే తీసుకో. సెర్రా ఏంజెల్: ఐదు మానా, నాలుగు బలం, ఎగురుతుంది, దాడికి వెళ్లినా కాపలాకి నిలబడుతుంది, సమానంగా ఉన్నప్పుడు ఆటని నీవైపు తిప్పుతుంది. ఒక్కో కార్డుకి మూడు నాలుగు వాక్యాలు పడుతున్నాయి. టెక్కలి దాటింది. నౌపడ ఉప్పుమళ్లు కనబడేసరికి 31 అయ్యాయి, ఇంకా సగానికి పైనే మిగిలాయి.