కంఠసర్పి (డిఫ్తీరియా) తగ్గినవాళ్లకు మళ్లీ టీకా ఎందుకు?

"అంత యాంటీటాక్సిన్ ఎక్కించారు కదమ్మా, ఇంకా టీకా దేనికి? జన్మలో మళ్లీ రాదు" అన్నారు మా వీధిలోని డాక్టరు గారు, కంఠసర్పి నుంచి కోలుకున్న నాతో. యాంటీటాక్సిన్ అంటే ఆ జబ్బు క్రిములు వదిలే విషానికి విరుగుడు మందు. నోరు తెరిపించి చూడకుండానే నా గొంతు నొప్పిని టాన్సిల్స్ అని తేల్చి, మాత్రలు రాసి పంపినదీ ఆయనే. ఆ మొదటి పొరపాటునైనా మరిచిపోగలనేమో గానీ, ఈ మాటను మాత్రం క్షమించలేను.

నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి చేరేసరికి మెడ వాచి, గొంతులో బూడిద రంగు పొర కొండనాలుక దాకా పాకింది. కణాలకు అంటుకున్న విషాన్ని యాంటీటాక్సిన్ విడదీయలేదనీ, రక్తంలో ఇంకా తిరుగుతున్న దాన్నే అణచగలదనీ, ఆలస్యమైతే గుండెకే ముప్పనీ చెప్పి, కల్చర్ రిపోర్టు కోసం ఆగకుండా ఆ రాత్రే మొదలుపెట్టారు. గుర్రాల రక్తం నుంచి తీసే మందు కనుక ముందుగా ముంజేతి చర్మంలో చుక్కంత ఎక్కించి చూశారు. ఒంటికి పడకపోతే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ నింపిన సిరంజి ట్రేలో పెట్టుకున్నారు. ఉమ్మి కూడా మింగలేక, ఆ సిరంజి మీంచి చూపు తిప్పుకోలేక, ఏడుకొండలవాణ్ణి తలుచుకుంటూ తెల్లవార్లూ మేలుకునే ఉన్నాను. నా మణికట్టు వదలకుండా కూర్చున్న సిస్టరమ్మకు జీవితాంతం రుణపడి ఉంటాను.

పెన్సిలిన్, ఈసీజీలు, ఐసోలేషన్ అన్నీ గడిచాయి. అంగిలి చచ్చుబడి, తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చిన బాధ కూడా మెల్లగా తగ్గింది.

డిశ్చార్జికి ముందు అక్కడి డాక్టరమ్మ మా వారిని కూర్చోబెట్టి అసలు సంగతి వివరించారు. రక్తంలో మిల్లీలీటరుకు 0.1 అంతర్జాతీయ యూనిట్ల యాంటీబాడీలుంటే రక్షణ ఉన్నట్టు, 0.01 కన్నా తగ్గితే లేనట్టే లెక్క. వేల యూనిట్ల యాంటీటాక్సిన్ పడినవారిలో ఆ స్థాయి ఒక్కసారిగా పైకి లేస్తుంది కానీ, అవి గుర్రం యాంటీబాడీలే తప్ప మన ఒంట్లో పుట్టినవి కావు గనుక కొన్ని వారాల్లోనే పోతాయి. జబ్బు చేయడానికి సరిపోయిన విషం శరీరానికి సొంత రక్షణ నేర్పడానికి చాలకపోవచ్చు గనుక, కోలుకునే సమయంలోనే టీకా మొదలుపెట్టాలి. ఇంత ముఖ్యమైన విషయం రోగికి చెప్పకుండా "మళ్లీ రాదు" అని ధైర్యం చెప్పడం వైద్యం ఎలా అవుతుంది?

నేను టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికీ కలిపి వేసే టీకా) మొదటి డోసు వేయించుకున్నాను. పిల్లలకూ అత్తగారికీ బాకీ ఉన్న డోసులు వేయించాము. మీ ఇంట్లో ఎవరైనా ఈ జబ్బు నుంచి బయటపడితే, డిశ్చార్జి చీటీ మీద టీకా తేదీలు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే వార్డు దాటకముందే అడిగి రాయించుకోండి.