ఊరి పాట, ఇరవయ్యోసారి

ఆదివారం. పొద్దుట్నుంచీ ముసురు. టీ తాగుతూ హెడ్‌ఫోన్స్‌లో బ్రెత్ ఆఫ్ ద వైల్డ్, 2017 నాటి వీడియో గేమ్. మనాకా కటావోకా తదితరుల సంగీతం. మైదానంలో నడుస్తుంటే పియానో నాలుగు స్వరాలు పలికి ఊరుకుంటుంది. తర్వాత గాలి, గడ్డి, అడుగుల చప్పుడు. మళ్లీ ఎప్పటికో రెండు స్వరాలు. వాయిద్యాలన్నీ చేతిలో పెట్టుకుని ఇంత తక్కువ వాయించాలంటే ధైర్యం కావాలి.

ఇవాళ్టి పని కూడా అలాంటి మెత్తని పాటే, ఆటలో ఒక ఊరికి. సినిమా పాటతో దీనికి పోలికే లేదు. ఆడేవాళ్లు ఒకే సాయంత్రం ఇరవైసార్లు వింటారు. పల్లవి మరీ అందంగా ఉన్నా ప్రమాదమే, పదోసారికి మొహం మొత్తుతుంది.

నిమిషానికి 72 బీట్లు, నాలుగేసి బీట్ల బార్లు 48. సరిగ్గా 160 సెకన్లు. స్వరాలు మోహన రాగానివి. మధ్యమం, నిషాదం లేవు కాబట్టి ఏ రెండు కలిసి మోగినా పెద్దగా గరుకు తగలదు. జపాన్ వాళ్ల యోనానుకి వరుసలోనూ ఇవే ఐదు. పదహారో బార్ దాకా క్లారినెట్, హార్ప్, మ్యూట్ (మోత తగ్గించే చిన్న క్లిప్) వేసిన వయోలాలు, అంతే.

వయోలాలే సతాయించాయి. ఇవి ముందే రికార్డు చేసిపెట్టిన స్వరాలు, అంటే శాంపిళ్లు; కంప్యూటర్ పలికిస్తుంది. లెగాటో (స్వరాల్ని విడదీయకుండా కలిపి వాయించే) శాంపిల్‌లో స్వరం కుదురుకునే ముందు చిన్న జారుడు ఉంటుంది. బీట్ల గళ్ల మీద కచ్చితంగా పెట్టినా 100–150 మిల్లీసెకన్లు వెనకబడి వినిపిస్తుంది. స్వరాల్ని ఒక్కోటిగా జరపకూడదు, మొత్తం ట్రాక్‌కే ఆ మేరకు మైనస్ డిలే ఇవ్వాలి, అంటే అంత ముందే మోగించాలి. మెత్తదనం కోసం వెలాసిటీ (మీట నొక్కిన జోరు) తగ్గించీ లాభం లేదు. చాలా శాంపిల్ లైబ్రరీల్లో సాగే స్వరాల బిగువు మాడ్‌వీల్ (కీబోర్డు మీది చిన్న చక్రం) చేతిలో ఉంటుంది. ప్రతి వాక్యానికీ దాని అంకె 35 నుంచి 60 దాకా ఎక్కి దిగాలి. ఆ గీత తిన్నగా ఉందా, ఇక హారన్ నొక్కిపట్టినట్టే.

అసలు తలనొప్పి అతుకు దగ్గర, పాట చివర మళ్లీ మొదటికి కలిసే చోట. చివరి తీగ మోత మూడు సెకన్లు సాగుతుంది. 160వ సెకనులో ఫైలు కోసేస్తే ఆ మోత తెగి, పాట మొదటికొచ్చిన చోట గుంతలో కాలు పడ్డట్టుంటుంది. ఫేడ్ పెడితే మరీ అన్యాయం, ఊరు ఊరంతా కునుకు తీసి లేచినట్టుంటుంది. పాటను వెంటవెంటనే రెండుసార్లు వాయించి, 320 సెకన్లు ఎక్స్‌పోర్ట్ చేసి, రెండో సగం మాత్రమే ఉంచుకోవాలి. ముందు ఆవృత్తి మోత దాని మొదట్లోనే కలిసి ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 48,000 ధ్వని కొలతల లెక్కన, కోత 76,80,000వ కొలత దగ్గర, ఒక్కటి అటూ ఇటూ కాకుండా. ఎంపీ3 మాత్రం వద్దు, ఫైలుకు ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం అతికిస్తుంది. ఓజీజీ గానీ వేవ్ గానీ నయం.

1990 నాటి సూపర్ ఫామికామ్ అనే గేమ్ యంత్రంలో మొత్తం ధ్వనికి దక్కింది 64 కిలోబైట్లు, ఎనిమిది గొంతులు. అందులోనే వయొలిన్లు పలికించారు మహానుభావులు!

రాత్రి పప్పు ఉడుకుతుండగా సౌండ్ బాగా తగ్గించి వదిలేస్తే, తొమ్మిదో ఆవృత్తిలో 31వ బార్ క్లారినెట్ విరుపు చెవిని పట్టి లాగింది. మొదటిసారి విన్నప్పుడు పాట మొత్తంలో అదే ముద్దుగా ఉంది. తీసేయాల్సిందే.