భయం కాదు, ఇంకేదో

కొత్త బడికి వెళ్లాల్సిన రోజు పొద్దున మా అమ్మాయి ఒక కాలికి మేజోడు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని మంచం అంచున కూర్చుంది. "అమ్మా, నాకు భయంగా ఉంది" అంది. తొమ్మిదేళ్ల పిల్ల. తల్లులందరూ చెప్పేదే నేనూ చెప్పాను: భయపడాల్సింది ఏమీ లేదు, టీచర్లు మంచివాళ్లు, రెండు రోజుల్లో అలవాటైపోతుంది. చెప్పేకొద్దీ దాని ముఖం ముడుచుకుపోయింది. "అది కాదు" అంది. మరేమిటంటే చెప్పలేదు. మేజోడు అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఫోనులో మా అమ్మకు ఈ సంగతి చెబితే సగం వినగానే తేల్చేసింది. "భయమూ లేదు, ఏమీ లేదు. పాత బడిలో స్నేహితురాలి మీద బెంగ పెట్టుకుంది."

నేను ఒక జబ్బుకు మందు వేశాను, ఉన్నది ఇంకొకటి. భయానికి ధైర్యం చెప్పాలి. బెంగకు ధైర్యం చెబితే ఏం ప్రయోజనం? ఆ మనిషి గొంతు వినిపించాలి. వినిపించాను, పది నిమిషాలు. మర్నాడు రెండు మేజోళ్లూ వాటంతట అవే ఎక్కాయి.

పిల్లను అనడానికి లేదు. ఇంట్లో తెలుగే మాట్లాడతామని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాను గానీ, మనసు బాగాలేనప్పుడు ఆ తెలుగులో మిగిలినవి రెండే మాటలు. పిల్లలకు భయం, పెద్దలకు టెన్షన్. ఉద్యోగం పోతుందేమోనన్నా టెన్షనే, బస్సు తప్పిపోతుందేమోనన్నా టెన్షనే.

అందుకని ముగ్గురం కూర్చుని గుర్తొచ్చినవన్నీ ఒక కాగితం మీద రాశాం. దిగులు, గుబులు, బెరుకు, జంకు, ఆదుర్దా, గాభరా, కలవరం. కంగారు దగ్గర మా ఆరేళ్లవాడు ఆపేశాడు. వాడికి అది గెంతే జంతువు. కిందటి వారం నేను కంగారు పడ్డానని అంటే, అది ఎక్కడి నుంచి పడిందా అని ఆలోచిస్తూ ఉన్నాడట.

రాస్తూ ఉంటే మాటల కంటే వాటి వెంట వచ్చే క్రియలే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నాయి. భయం వేస్తుంది, ఆకలి వేసినట్టు, చలి వేసినట్టు, మన ప్రమేయం లేకుండా. గుబులు పుడుతుంది. కంగారు పడతాం. బెంగను మాత్రం పెట్టుకుంటాం. "పెట్టుకుంటే తీసేయొచ్చు కదా?" అంది మా అమ్మాయి. నా దగ్గర జవాబు లేదు.

ఇంగ్లీషులో వర్రీ అనే మాటకు పాతకాలంలో గొంతు నులమడమని అర్థం. మన వార్తల్లో రోజూ వినిపించే ఆందోళనకు సంస్కృతంలో ఊగడమని అర్థం. కలత వచ్చింది కలగడం నుంచి, అంటే అడుగున ఉన్నది పైకి లేచి నీళ్లు మురికిగా మారడం. పిల్లకు ఈ మూడోది నచ్చింది. గ్లాసు నీళ్లలో చిటికెడు మట్టి వేసి చెంచాతో తిప్పి, "ఇప్పుడు కలత" అంది. మట్టి మెల్లగా అడుగుకు దిగుతూ ఉంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. తేటబడడాన్నే తేరడమంటారని, మనుషులు తేరుకోవడమన్నా ఆ మాటేనని చెప్పాను. నిజం చెప్పాలంటే, ఆ రెంటికీ చుట్టరికం ఉందని నాకూ ఆ క్షణం వరకు తట్టలేదు. చెంచా ఇంకోసారి తిప్పబోయి, ఎందుకో మానేసింది.

ఒక తప్పు మాత్రం చేశాను. మా అమ్మాయి నేల కింది గదిలోకి తొంగిచూసి "ఇది ఆందోళనకరంగా ఉంది" అంటే పకపకా నవ్వాను. చిన్నబుచ్చుకుంది. అది ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో అంటోంది. ఇంగ్లీషులో కలవరపెట్టే గుణాన్ని వస్తువుకు అంటగడతారు. మనం మామూలుగా ఆ గదిని ఏమీ అనం. లోపలికి వెళ్లాలంటే నాకు బెరుకుగా ఉంది అంటాం, లేదా గుండె ఝల్లుమంది అంటాం. నవ్వకుండా ఈ మాట చెప్పి ఉండాల్సింది. తర్వాత చెప్పాను. "మరి ఫోను మోగితే నీకు వచ్చేది ఏది?" అని అడిగింది.

దూరంగా ఉండేవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. వేళకాని వేళ ఇంటి నుంచి ఫోను వస్తే, ఎత్తేలోపు మనసు ఎన్ని కీడులు శంకిస్తుందో. గుభేలుమంటుంది, అన్నాను. ఇంగ్లీషులో ఏమంటారంది. వెతికాను, దొరకలేదు. ఆ మాట కాగితం మీద అన్నిటికంటే పెద్దక్షరాలతో రాసుకుంది.

మొన్న రాత్రి రెండింటికి ఫోను మోగింది. మాట్లాడి పెట్టేసి వెనక్కి తిరిగితే గుమ్మంలో నిలబడి ఉంది.

"గుభేలుమందా?"

"అంది."

"ఎవరు?"

"మీ మావయ్య. టైము లెక్క తప్పాడు."