మెదక్ చర్చిలో రంగుటద్దాలు

మెదక్ చర్చికి మొదటిసారి వెళ్లింది సాయంత్రం చీకటి పడ్డాక. ఎంతో విన్న ఆ రంగుటద్దాల కిటికీలు నల్లటి పలకల్లా కనిపించాయి. ఇంతేనా అనిపించింది. తప్పు నాదే. బయటి వెలుతురు లేకపోతే అక్కడ బొమ్మే లేదు.

ఈసారి పొద్దున్నే వెళ్లాను. యేసు జననం, సిలువ, ఆరోహణం, మూడు కిటికీల్లో మూడు ఘట్టాలు. బలిపీఠం వెనక ఉన్నది ఆరోహణం, అంటే యేసు పరలోకానికి ఎక్కిపోయే ఘట్టం. దాని ముందే చాలాసేపు కూర్చుండిపోయాను. దగ్గరగా చూస్తే గాజు ముక్కల మధ్య నల్లటి సీసపు గీతలు. దూరం జరిగితే గీతలు పోయి మనుషులు కనిపిస్తారు. సిలువ కిటికీకి, ఆరోహణం కిటికీకి మధ్య కొద్ది దూరమే. వాటి మధ్య కథలో ఉన్నది మాత్రం ఒక సమాధి, దాని తర్వాత నలభై రోజులు.

1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన చర్చి ఇది. కరువు రోజుల్లో కూలి దొరికి, అన్నం తిన్న చేతులు కట్టాయంటారు. కిటికీల పని ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీది.

నా పక్కన ఒక చిన్నపిల్ల, గచ్చు మీద పడ్డ ఎర్రటి వెలుగులో చెయ్యి పెట్టి, "అమ్మా, చూడు, గోరింటాకు!" అంది.