బావుందని ఊరుకోని స్నేహితులు

మా ఫోటోల గ్రూపులో ఒక నియమం ఉంది. "సూపర్", "కేక", "అదిరింది" అని ఉత్తినే రాసి వెళ్ళిపోకూడదు. ఆ మాట అనాలనిపిస్తే అనొచ్చు, కానీ ఆ వెంటే ఆ ఫోటోలో ఏం చూశారో ఒక్క వాక్యమైనా రాయాలి. ఈ నియమం పెట్టిన రోజు గ్రూపు సగం మూగబోయింది. మెల్లగా మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఈసారి వచ్చినవి చూసినవాళ్ళ మాటలు.

మేమంతా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళం. ఫోటోలతో సంపాదించేవాళ్ళు మాలో ఎవరూ లేరు. కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే తమ్ముడు, రాజాంలో బట్టల షాపు నడిపే అక్క, గరివిడి నుంచి రైల్వేలో పనిచేసే ఒకాయన, కవిటిలో కొబ్బరి తోట ఉన్న అన్న, ఆమదాలవలసలో రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, ఇంకా చాలామంది. పేర్ల కంటే ఊళ్ళతో పిలుచుకోవడమే మాకు అలవాటు. నేను శ్రీకాకుళంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పగలంతా మైక్రోస్కోపులో కన్ను పెట్టి కూర్చుంటాను కాబట్టి, ఆదివారం తెల్లారి నాగావళి వంతెన మీద నిలబడి దూరంగా ఉన్నవాటిని చూస్తే ప్రాణం లేచి వస్తుంది. ఇలా కెమెరా పట్టుకుని బయల్దేరే ఆడవాళ్ళు మా చుట్టుపక్కల తక్కువ. "ఈవిడేంటి ఒక్కతే" అనే చూపులు తగులుతూనే ఉంటాయి. గ్రూపులో మాత్రం ఎవరూ నా ఫోటోని "ఆడవాళ్ళు తీసింది" అని మెత్తగా చూడరు. మాస్టారి దగ్గర నాకు దక్కే అతి పెద్ద గౌరవం అదే.

ఫోటో చూసే పద్ధతి మాకు నేర్పింది మాస్టారే. ఫోటో రాగానే తప్పు వెతకనివ్వరు. "ముందు నీ కన్ను ఎక్కడికి ఎళ్ళిందో చెప్పు. తరవాత ఎక్కడికి ఎళ్ళింది? ఎక్కడ ఆగిపోయింది?" అని అడుగుతారు. ఆయన అడిగేవి ఇవే. బాగుందా, బాగోలేదా అన్నది ఆయనకు పట్టదు. నేను గమనించిందేమిటంటే, కన్ను నడిచిన దారి నిజాయితీగా చెబితే తీసినవాళ్ళకు లోపం వాళ్ళంతట వాళ్ళకే తెలిసిపోతుంది. మనం వేలెత్తి చూపించే పనే ఉండదు.

రాజాం అక్క పొందూరు ఫోటో సంగతి చెప్తాను. పొందూరు ఖద్దరు గురించి వినే ఉంటారు. అక్కడ నూలు వడికే ముందు పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ దవడకు ఉండే సన్నని పళ్ళ మధ్య నుంచి పత్తిని లాగితే చెత్త రాలిపోయి, పోగులు ఒక వరసలోకి వస్తాయి. అక్క అలా పత్తి ఏకుతున్న ఒక పెద్దావిడను తీసింది. గుమ్మంలోంచి వెలుతురు పడుతోంది, ముఖం నిండా ముడతలు, ముక్కుపుడక మెరుస్తోంది. గ్రూపులో అందరం ఆ ముఖం గురించే రాశాం. సాయంత్రానికి మాస్టారు రాశారు: "ముఖం బావుందమ్మా. అలాంటి ముఖం ఎవరు తీసినా బావుంటాది. ఆవిడ చేతిలో ఉన్నదేటి?"

అప్పుడు మళ్ళీ చూశాం. చేతులు ఫ్రేములో కింద మూల చీకట్లో ఉన్నాయి. దవడ ఉన్నట్టు తెలిసినవాళ్ళకు తెలుస్తుంది, అంతే. అంటే ఆ ఫోటోలో పొందూరు లేదు. ఏ ఊళ్ళోనైనా గుమ్మంలో కూర్చున్న ముసలమ్మ మాత్రమే ఉంది.

అక్కకు కష్టం కలిగింది. ఫోన్ చేసి నాతో చాలాసేపు మాట్లాడింది. తర్వాత వారం మళ్ళీ పొందూరు వెళ్ళింది. ఈసారి కెమెరా సంచిలోంచి తీయకుండా ఆవిడ పక్కన కూర్చుని, పత్తి చేతిలోకి తీసుకుని, దవడ పట్టుకుని తనూ ఏకి చూసిందట. వేళ్ళు ఎలా కదులుతాయో చేతికి తెలిశాక అప్పుడు తీసింది. ఆ రెండో ఫోటో నా కళ్ళ ముందే ఉంది: గుమ్మం వెలుతురు పక్క నుంచి దవడ మీద పడుతోంది, పళ్ళ మధ్య చిక్కుకున్న తెల్లటి పోగులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి, బొటనవేలి గోరు అరిగిపోయి ఉంది. అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) మరీ తెరవలేదు, అందుకే వేళ్ళూ దవడా రెండూ ఫోకస్‌లో నిలిచాయి. ముఖం గడ్డం వరకే కనబడుతుంది. ముఖం మొత్తం ఉండాల్సిందని కొందరన్నారు, మనిషిని వదిలేసి పనిని తీయడం ఏం న్యాయమని. నాకు ఆ అరిగిన గోరులోనే మనిషి కనబడింది. ఈ విషయంలో మేం ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

టెక్నికల్ విషయాలైతే గొడవ తక్కువ. కాశీబుగ్గ తమ్ముడు పక్షులు గూళ్ళు కట్టే ఊరు తేలినీలాపురం నుంచి పెయింటెడ్ స్టార్క్ అనే కొంగ ఫోటో పెట్టాడు. చెట్టు ముదురాకుపచ్చ, కొంగ తెల్లన. ఆ తెలుపులో ఒక్క ఈక గీత కూడా లేదు, సున్నం పూసినట్టు ఉంది. కెమెరా మీటర్ తన ముందున్నదంతా కలిపి మధ్యస్థంగా కనబడేలా లెక్క వేస్తుంది. ఫ్రేములో నల్లటి ఆకులే ఎక్కువుంటే వాటిని వెలిగించబోయి తెల్ల పక్షిని కాల్చేస్తుంది. ఆ లెక్కను మనం పెంచుకునే, తగ్గించుకునే సెట్టింగు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్; దాన్ని ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించమని గరివిడి ఆయన చెప్పారు. అదే పక్షి తెల్లటి ఆకాశం మీద ఎగురుతుంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు పెంచాలి. ఇంకో మాట, వాట్సాప్‌లో ఫోటోని మామూలుగా పంపితే కుదించేస్తుంది, సన్నటి వివరాలు పోతాయి. అందుకే మేం డాక్యుమెంట్‌గా పంపించుకుంటాం. షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ లాంటి కెమెరా సెట్టింగుల వివరాలు కూడా ఫైలుతో పాటే వస్తాయి, అడగక్కర్లేదు.

ఆ ఫోటో కింద తమ్ముడు "సైబీరియా అతిథులు" అని రాశాడు. మా వైపు చాలామంది అలాగే అంటారు. కానీ తేలినీలాపురంలో గూళ్ళు కట్టే గూడబాతులూ (పెలికాన్లు) పెయింటెడ్ స్టార్కులూ మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ పుట్టి పెరిగేవే. తిండి, నీళ్ళు, చెట్లు చూసుకుని ప్రాంతాలు మారుతుంటాయి. సైబీరియా నుంచి రావు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే ఓపెన్‌బిల్ కొంగలూ అంతే. ఫోటో ఎంత బాగున్నా కింద రాసిన మాట తప్పైతే అది సరిదిద్దాల్సిందే అని నేను పట్టుబడతాను. తమ్ముడు వెంటనే మార్చాడు.

తేలినీలాపురం పక్షులు ఊళ్ళో ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. అవి వస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ళ నమ్మకం, కంటికి రెప్పలా చూసుకుంటారు. గూడబాతు పిల్లలు నోళ్ళు తెరిచి ఉన్న ఫోటో ఒకటి ఒకసారి గ్రూపులోకి వచ్చింది. గూడు ఎత్తులోంచే తీసింది. పైన తల్లి రెక్కలు విప్పి లేచిపోతోంది. ఫోకస్ చక్కగా ఉంది, రంగులు బాగున్నాయి. ఎవరం ఆ మాట అనలేదు. "ఎక్కడ నుంచి తీశావు?" అని మాత్రం అడిగాం. డ్రోన్‌తో అని చెప్పాడు ఆ కుర్రాడు. పెద్ద పక్షి బెదిరి గూడు వదిలితే పిల్లలు ఎండకు మాడతాయి, కాకులూ గద్దలూ తన్నుకుపోతాయి. ఇలాంటి ఫోటోని మేం మెచ్చుకోం, గ్రూపులో ఉంచం. దీంట్లో నాకు రెండో ఆలోచన లేదు. లైకుల కోసం ఒక గూడు ఖాళీ అయితే ఆ ఫోటో ఎంత గొప్పదైనా నాకు అక్కర్లేదు. కుర్రాడు నొచ్చుకుని నాలుగు రోజులు కనబడలేదు. కాశీబుగ్గ తమ్ముడు వాణ్ణి బండెక్కించుకుని వెళ్ళి, తన జూమ్ లెన్స్ వాడి చేతికిచ్చి, నేల మీద నుంచి ఎంత దూరంలో నిలబడాలో చూపించాడు. కొమ్మ ముక్క ముక్కున పట్టుకుని గూటికి దిగుతున్న గూడబాతు దొరికింది వాడికి.

ఆ లెన్స్ గురించి కూడా చెప్పాలి. అది గ్రూపులో అందరి చేతుల్లోనూ తిరుగుతుంటుంది. ఎవరికి కావాలంటే వాళ్ళకు ఆర్టీసీ బస్సులో తెలిసినవాళ్ళ చేతికిచ్చి పంపేస్తారు. బిల్లు లేదు, లెక్క లేదు. నెలసరి కిస్తీలు కట్టుకుంటూ కొనుక్కున్న వస్తువుని అలా ఎవరిస్తారు? మా కాశీబుగ్గ తమ్ముడు ఇస్తాడు.

ఇక కవిటి అన్న ఫోటో. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి, అక్కడ పోయింది ఒక్క ఏడాది పంట కాదు. కరెంటు వచ్చి, ఫోన్లు పనిచేయడం మొదలయ్యాక అన్న ఒక ఫోటో పెట్టాడు. ఫోన్‌తో తీసింది. తోటలో చెట్లన్నీ ఒకే వైపుకు తలలు పెట్టి పడి ఉన్నాయి. వాళ్ళ నాన్న ఒక మాను మీద వెనక్కి తిరిగి కూర్చుని ఉన్నారు. కింద ఒక్క మాట రాయలేదు.

ఆ ఫోటోకి మాస్టారు కూడా కన్ను ఎక్కడికెళ్ళిందో అడగలేదు. బియ్యం, టార్పాలిన్లు, కొవ్వొత్తులు ఎవరు పంపుతారు, బండి ఎంతవరకు వెళ్తుంది అన్న మాటలే నడిచాయి ఆ వారమంతా. అది సరైన పనే. ఫోటో పెట్టిన ప్రతిసారీ మనిషి ఫోటో గురించే మాట్లాడమని అడుగుతున్నట్టు కాదు.

ఏడాది గడిచాక అన్నే ఆ ఫోటో మళ్ళీ పెట్టి రాశాడు: "అప్పుడు మీరెవరూ ఏమీ అనలేదు. ఇప్పుడనండి. నాన్నది ఇది మంచి ఫోటో అవ్వాలి."

అంత జాగ్రత్తగా నేను ఇంకే ఫోటోనీ చూడలేదు. నేల గీత కొంచెం వాలి ఉందని, సరిచేయమని గరివిడి ఆయన అన్నారు. మాస్టారు వద్దన్నారు: ఆ వాలు చెట్లు పడ్డ వైపుకే ఉంది, నిలబెడితే గాలి పోతుందని. నాకు కనబడింది వేరు. కుడి చివర నీలం టార్పాలిన్ ఒకటుంది, కన్ను ముందు దాని మీదకే పోతోంది, నాన్నగారి వీపు మీదకు రావడానికి ఆలస్యమవుతోంది. అక్కడికి కత్తిరించమన్నాను, లేదంటే బ్లాక్ అండ్ వైట్ చేయమన్నాను. రాజాం అక్క ఒప్పుకోలేదు. "వాళ్ళు ఆ రాత్రులు పడుకున్నది దాని కిందే కదా" అంది. అన్న చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత "నీలం ఉండనీండి" అన్నాడు. కాశీబుగ్గ తమ్ముడు ఆ నీలం ఒక్కదాన్నే కాస్త మసకపరిచి పంపాడు. ఇప్పుడు చూస్తే కన్ను వీపు దగ్గర మొదలై, మానుల వెంట నడిచి, చివరికి టార్పాలిన్ చేరుతుంది. అక్క మాటే నెగ్గింది, నా మాటా పోలేదు. అన్న దాన్ని పెద్దది వేయించి ముందు గదిలో పెట్టుకున్నాడు.

అన్నీ ఇంత చక్కగా తేలవు. విజయనగరం సిరిమాను ఫోటో మీద మాస్టారికీ నాకూ పేచీ అలాగే ఉంది. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి పూజారి యాభై అరవై అడుగుల మాను చివర కూర్చుని కోట వైపు తిరుగుతారు కదా, నేను నిలువు ఫ్రేములో తీశాను. కింద బండి, పైన పూజారి. బండి లేకపోతే ఎత్తు తెలియదని అది మాస్టారే నేర్పారు. అయితే నా ఫ్రేము కింది భాగమంతా జనం పైకెత్తిన సెల్‌ఫోన్లు. "ఆ ఫోన్లు తీసేయమ్మా, అమ్మోరి పండగలో ఆటికేం పని" అంటారు ఆయన. నేను తీయనన్నాను. దండం పెట్టే చేతిలోనే ఫోను ఉంది, ఒకావిడ రెండూ కలిపి ఎత్తింది. ఈ రోజుల జనం అలాగే కొలుస్తున్నారు. యాభై ఏళ్ళ తర్వాత ఎవరైనా చూస్తే, ఏ కాలం సిరిమానో ఆ ఫోన్లే చెప్తాయి. మాస్టారు ఒప్పుకోలేదు. మాను మీద నుంచి కన్ను కిందికి జారిపోతోందని ఆయన బాధ. అందులోనూ నిజముంది, నేను కాదనను.

ఈ ఏడాది సిరిమానుకు ముందు రోజు జరిగే తొలేళ్ళ నాటికే ఇద్దరం విజయనగరం చేరాలనుకున్నాం. మర్నాడు పొద్దున్నే మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒకే చోట నిలబడి, ఎవరి ఫ్రేము వాళ్ళు కట్టుకుంటాం. రెండూ గ్రూపులో పక్కపక్కన పెడతాం. ఫోన్లు లేకుండా మాను ఎత్తు చూపించే చోటు ఆయనకు దొరికితే, నన్ను కూడా అక్కడికి పిలవమని ముందే అడిగాను. సరేనన్నారు.