పాత సవరన్లు ఆన్‌లైన్‌లో కొనేముందు తూకం, కొలత రెండూ అడగండి

అక్షయ తృతీయ దగ్గరపడితే చాలు, ఫేస్‌బుక్‌లో వాట్సాప్ గ్రూపుల్లో పాత సవరన్లు, అంటే బ్రిటిష్ వాళ్ళ బంగారు నాణేలు, అమ్ముతాం అనే పోస్టులు మొదలైపోతాయి. ఒకవైపు గుర్రం మీద వీరుడు, ఇంకోవైపు రాజుగారి తల, కింద ఒక కథ, మా తాతగారి నాటివండీ, హాస్పిటల్ ఖర్చుకి అర్జెంటుగా ఇచ్చేస్తున్నాం, మార్కెట్ రేటు కన్నా 20 శాతం తక్కువ అని. నేను పాత నాణేలు పోగేస్తుంటానని తెలుసు కాబట్టి మావాళ్ళందరూ ఆ ఫొటోలు నాకు పంపించి "అసలువేనా" అని అడుగుతారు. ఫొటో చూసి ఎవరూ చెప్పలేరండి. నేనైతే చెప్పను కూడా.

ముందు ఒక్క మాట ఆలోచించండి. చేతిలో నిజం బంగారం ఉన్నవాడు ఏ ఊళ్ళో షాపుకెళ్ళినా టెస్ట్ చేసి అదే రోజు డబ్బులిస్తారు, కొంచెం తరుగు తీస్తారు అంతే. అలాంటిది ముక్కూమొహం తెలియని మనకి అంత తగ్గించి ఫోన్లో ఎందుకమ్ముతాడు? ఈ ఒక్క ప్రశ్న దగ్గరే చాలా పోస్టులు తేలిపోతాయి.

అయినా ఆశ పడేవాళ్ళుంటారు, అందుకే కొలతలు చెప్తున్నా, రాసి పెట్టుకోండి. మనం కాసు అంటే 8 గ్రాములు అనేస్తాం కానీ బ్రిటిష్ సవరన్ అసలు బరువు 7.98 గ్రాములు, 22 క్యారట్, అందులో అసలు బంగారం 7.32 గ్రాములు. అడ్డంగా 22.05 మిల్లీమీటర్లు, మందం 1.52. ఈ మూడూ కలిపి చూడాలి, ఏ ఒక్కటీ విడిగా చూస్తే లాభం లేదు. ఎందుకంటే ఇత్తడి సాంద్రత బంగారంలో సగం కూడా ఉండదు, కాబట్టి దొంగవాడు సైజు సరిగ్గా చేస్తే బరువు 4 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది, బరువు సరిగ్గా తెస్తే నాణెం రెండింతలు లావైపోతుంది. రెండూ ఒకేసారి కుదర్చడం ఇత్తడితో జరిగే పని కాదు. అందుకే అమ్మేవాణ్ణి, నాణేన్ని డిజిటల్ కాటా మీద పెట్టి ఒక వీడియో, వెర్నియర్‌తో మందం కొలుస్తూ ఇంకో వీడియో అడగండి, నిజం నాణెం ఉన్నవాడు ఐదు నిమిషాల్లో పంపిస్తాడు. ఒక్క జాగ్రత్త, దండలో గుచ్చడానికి కొక్కెం అతికించినవీ, మెడలో వేసుకుని అరిగిపోయినవీ మన ఇళ్ళల్లో చాలా ఉంటాయి, వాటి బరువు కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

తర్వాత సంవత్సరం చూడండి. ఐదో జార్జి బొమ్మతో సవరన్లు 1911 నుంచి 1932 వరకు ముద్రించారు. 1918లో మన బొంబాయిలో కూడా వేశారు, వాటికి గుర్రం కింద నేల గీత మీద చిన్న ఇంగ్లీష్ ఐ అక్షరం ఉంటుంది. ఆరో జార్జి బొమ్మతో 1937లో నాణేలు సేకరించేవాళ్ళ కోసం కొద్దిగా వేశారు తప్ప మామూలుగా వాడకానికి వెయ్యలేదు. రెండో ఎలిజబెత్ బొమ్మవి 1957 నుంచి. మరి ఆరో జార్జి బొమ్మ పెట్టి 1942 అని రాసున్న సవరన్ ఎవడైనా చూపిస్తే ఇంక తూకం కూడా అక్కర్లేదు.

ఈ మధ్య మా వీధిలో ఒక పిన్నిగారు ఇలాగే నాలుగు తెప్పించుకున్నారు, కూతురి పెళ్ళికి కాసులపేరు చేయిద్దామని. డబ్బులు ముందే పంపేశారు, వచ్చాక అనుమానం వచ్చి నా దగ్గరికి తెచ్చారు. కాటా మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి సున్నా చేశాను, నాణేనికి కుట్టు దారం కట్టి అడుగుకీ గోడకీ తగలకుండా నీళ్ళల్లో వేలాడదీశాను. అప్పుడు కాటా చూపించే అంకె ఆ నాణెం ఎంత చోటు ఆక్రమించిందో చెప్తుంది, సవరన్‌కి 0.45 గ్రాముల దగ్గర రావాలి, 0.90 దాటి వచ్చింది. నాలుగూ అంతే. తర్వాత భూతద్దం పెట్టి చూస్తే గుర్రం తొడ మీద, రాజుగారి చెంప మీద, అంటే ఎత్తుగా ఉండి ముందు అరిగే చోట్ల, పూత పోయి రంగు మారి ఉంది, అక్షరాల చుట్టూ పోతపోసినప్పుడు వచ్చే సన్నని గుంటలున్నాయి. ఆవిడ మొహం చూడలేకపోయాను. ఆ డబ్బు ఎన్నేళ్ళు చీటీలు కట్టి దాచిందో నాకు తెలుసు.

అయస్కాంతానికి అంటుకోలేదు కాబట్టి బంగారమే అనేవాళ్ళ మాట వినకండి. ఇత్తడీ అంటుకోదు, రాగీ అంటుకోదు.

24 క్యారట్ కొత్త కాయిన్లకి కూడా ఇదే నీళ్ళ పరీక్ష చెయ్యొచ్చు, 10 గ్రాముల కాయిన్‌కి 0.52 రావాలి. ఇది ఇత్తడినీ రాగినీ సీసాన్నీ పట్టేస్తుంది కానీ టంగ్‌స్టన్ అనే లోహాన్ని పట్టదు, బంగారం సాంద్రత 19.3, దానిది 19.25. షాపుల్లో బంగారం పరీక్షించే ఎక్స్‌ఆర్ఎఫ్ మెషిన్ కూడా పైపొరే చదువుతుంది, మందంగా పూత వేస్తే మోసపోవచ్చు. అయితే టంగ్‌స్టన్ గొడవ ఎక్కువగా పెద్ద బార్లతో వస్తుంది, మనకి ఆన్‌లైన్‌లో తగిలే మోసం దాదాపు ఎప్పుడూ పూతదే. లిస్టింగ్ పేరులో 24 క్యారట్ గోల్డ్ అని పెద్దగా ఉండి, ఎక్కడో కింద ప్లేటెడ్ అని ఉంటుంది, పూర్తిగా చదవండి. ప్లేటింగ్ తప్పు కాదు, మచిలీపట్నం దగ్గర చిలకలపూడి వాళ్ళు తరతరాలుగా రోల్డ్ గోల్డ్ చేసి రోల్డ్ గోల్డ్ అని చెప్పే అమ్ముతున్నారు, ఆ పనితనం మీద నాకు గౌరవం. పూతని బంగారం రేటుకి అమ్మేవాడితోనే నా గొడవ.

హాల్‌మార్క్ సంగతి చాలామందికి సగమే తెలుసు. 2023 ఏప్రిల్ 1 నుంచి నగల మీద హెచ్‌యూఐడీ, అంటే వస్తువు వస్తువుకీ వేరుగా ఉండే 6 అక్షరాల కోడ్, లేకుండా షాపులవాళ్ళు అమ్మకూడదన్నారు, కానీ 2020 నాటి హాల్‌మార్కింగ్ ఆర్డర్‌లో కాయిన్లకీ బిస్కెట్లకీ మినహాయింపు ఉంది. కాబట్టి కాయిన్ మీద కోడ్ లేనంత మాత్రాన నకిలీ కాదు, ఉన్నంత మాత్రాన అసలూ కాదు. కోడ్ ఉంటే హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, వస్తువు ఏంటో కూడా చూపిస్తుంది. మీ చేతిలో కాయిన్ ఉండి యాప్‌లో ఉంగరం అని వస్తే ఆ కోడ్ ఇంకెక్కడినుంచో ఎత్తుకొచ్చిందే.

ఇంకోరకం మోసం లంకె బిందెలది. పునాది తవ్వుతుంటే వరహాలు దొరికాయి, గవర్నమెంటుకి తెలిస్తే తీసేసుకుంటారు, గుట్టుగా అమ్ముతున్నాం అని ఫోన్. శాంపిల్‌కి నిజం బంగారం ఒకటి ఇస్తారు, మీరు షాపులో చూపించుకుని నమ్ముతారు, తర్వాత సంచీ నిండా ఇత్తడి. మాట వరసకి దొరికింది నిజమే అనుకున్నా, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కి చెప్పాలి, దాచిపెట్టి అమ్మితే నేరం. రాముడి పట్టాభిషేకం బొమ్మతో 1818 ఈస్ట్ ఇండియా కంపెనీ అని అమ్మే నాణేలైతే అసలు కంపెనీ వేసినవే కావు, ఈమధ్య తయారైనవి. మద్రాసు కంపెనీ వాళ్ళు వేంకటేశ్వరస్వామి, ఇద్దరు దేవేరులతో బంగారు వరహా వేసిన మాట నిజమే, కానీ అది 3.4 గ్రాముల చిన్న నాణెం, ఈ పెద్ద బిళ్ళలకీ దానికీ సంబంధం లేదు.

ఆన్‌లైన్‌లోనే కొనాలనుకుంటే జీఎస్టీ బిల్లు ఇచ్చేవాళ్ళ దగ్గర కొనండి, పార్శిల్ సీలు తీసే ముందు నుంచి తూకం వేసేదాకా ఆపకుండా ఒకటే వీడియో తియ్యండి. మోసం జరిగిపోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, డబ్బు ఇంకో ఖాతాకి మారకముందే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. బిల్లుతో కొన్న వస్తువు తేడా అయితే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. పిన్నిగారితో 1930కి చేయించాం, చాట్‌లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు అన్నీ పెట్టాం. ఆ నాలుగు బిళ్ళలూ వచ్చిన కవర్‌తో సహా దాచమన్నాను, కేసులో అడుగుతారు.