తమ్మీ, 1:12 దగ్గర ఒకసారి విను

"సూపర్ అన్నా", "కేక తమ్మీ", పక్కన నాలుగు మంట బొమ్మలు. సొంతంగా పాట రాసి, బాణీ కట్టి, ఇంట్లోనే రికార్డు చేసి పంపినవాళ్లకు మన వైపు ఎక్కువగా దక్కే జవాబు ఇదే. ఇంకో రకం కూడా ఉంది: "ఏదో తక్కువైంది రా." రెండిటితోనూ పాట కట్టినవాడికి ఒరిగేదేమీ లేదు. ఏం బాగుందో తెలియకపోతే తర్వాతి వెర్షన్‌లో దాన్నే చెడగొట్టుకుంటాడు. ఏం తక్కువైందో తెలియకపోతే బాగున్నదాన్ని కూడా మార్చేస్తాడు. అందుకే మెచ్చుకున్నా, లోపం చెప్పినా నిమిషం, సెకనుతో సహా చెప్పాలి.

వినకముందే రెండు సంగతులు అడగండి. పాట ఏ దశలో ఉంది? ఎప్పుడు బయటికి రావాలి? ఎంగిలిపూల బతుకమ్మకు నెల ముందు వచ్చిన పాటకు చెప్పే మాట వేరు, నాలుగు రోజుల ముందు వచ్చినదానికి వేరు. చరణం మార్చమని చెప్పాలంటే గొంతు మళ్లీ పాడే తీరిక వాళ్లకు ఉండాలి. వీడియో షూటింగ్ అయిపోయి, పెదవుల కదలిక పాటకు కుదిరిపోయి ఉంటే వేగం, పొడవు, మాటలు ఇక కదలవు. అప్పుడు గొంతు మట్టం, ప్రతిధ్వని, హెచ్చుతగ్గులు మాత్రమే చేతిలో ఉంటాయి, వాటి గురించే మాట్లాడాలి. బాణీ నచ్చలేదని ఆ రోజు చెప్పడం నిజాయితీ కాదు, బాధపెట్టడమే.

పాట వాయిస్ మెసేజ్‌గానో వీడియోగానో వస్తే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది. తాళాల మెరుపు, "స", "శ"ల పదును ముందు పోయేది అక్కడే. ఫైలును డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా డ్రైవ్ లింకు అడగండి. 320 కేబీపీఎస్ ఎంపీ3 చాలు, కుదించని వేవ్ ఫైలు అయితే ఇంకా మంచిది. ఫైలు కుదింపు వల్ల వచ్చిన బొంగురును మిక్సింగ్ తప్పుగా చెప్తే ఆ పిల్లగాడు రాత్రంతా లేని రోగానికి మందు వెతుకుతాడు.

మొదటిసారి ఏమీ రాసుకోకుండా చివరిదాకా వినాలి. ఎక్కడ తల ఊగింది, ఎక్కడ మనసు ఫోన్ మీదికి మళ్లింది, అంతే గమనించాలి. ఈ మొదటి స్పందన రెండోసారి దొరకదు, దాన్ని పోగొట్టుకోవద్దు. రెండోసారి వైరున్న ఇయర్‌ఫోన్లతో, ఆపుకుంటూ, టైము రాసుకుంటూ. మూడోసారి ఫోన్ స్పీకర్ మీద, బాగా తక్కువ సౌండుతో: అంత తక్కువలోనూ మాటలు తెలిస్తే గొంతు మట్టం సరిగ్గా ఉన్నట్టే.

ఈ మూడో వినికిడి మన పాటలకు మరీ ముఖ్యం, ఎందుకంటే అవి మోగేది హెడ్‌ఫోన్లలో కాదు. ఐనవోలు మల్లన్న జాతరలోనో, మేడారం తొవ్వలోనో హారన్ మైకుల్లో మోగుతాయి. ఆ మైకులు దాదాపు 300 హెర్ట్జ్ కింద పెద్దగా పలకవు. ఇయర్‌ఫోన్లలో గుండెను తాకిన బేస్ అక్కడ మాయమైతే, పాటను నడిపించేది డప్పు మీద పుల్ల దెబ్బ, తాళాలు, గొంతు మాత్రమే. పైగా అది మోనో, అంటే కుడి ఎడమల తేడా లేకుండా అంతా కలిసి ఒకటే ధ్వని. కుడి ఎడమలుగా బాగా విశాలం చేసిన కోరస్‌లో ఒక వైపు తరంగం తిరగబడి ఉంటే మోనోలో ఒకదాన్నొకటి కొట్టేసుకుని కోరస్సే వినిపించదు. "మోనోలో పెట్టి 0:55 విను, ఆడవాళ్ల గొంతులు పోతున్నయ్" అని చెప్తే ఆ ఒక్క మాట జాతర రోజు పరువు కాపాడుతుంది.

ఇక డప్పు. ఇంట్లో రికార్డు చేసిన పాటల్లో ఎక్కువగా చెడేది ఇదే, ఎక్కువగా తప్పు సలహాలు వచ్చేదీ దీని మీదే. "డప్పు బొద్దుగా ఉంది, ఈక్యూ పెంచు" అంటారు (ఈక్యూ అంటే శబ్దంలో బేస్, పదును వేరువేరుగా పెంచే, తగ్గించే సర్దుబాటు). ముందు అడగాల్సింది డప్పు కాచారా అని. తోలు డప్పును మంట దగ్గర కాచి బిగువు తెచ్చి వాయిస్తారు. మబ్బు పట్టిన రోజు, వాన రోజు ఆ బిగువు త్వరగా జారుతుంది. మూడు టేకులు అయ్యేసరికి తోలు సడలి శబ్దం కూలుతుంది. పాట మొదట్లో ఖంగుమన్న డప్పు చివరి చరణంలో దబ్బుమంటే కారణం అదే. దానికి ఈక్యూ మందు కాదు, టేకుకూ టేకుకూ మధ్య మళ్లీ కాయడమే. సన్నటి సిటికెన పుల్ల చిటపట అసలు వినిపించక లావుపాటి సిర్ర దెబ్బ ఒక్కటే వినిపిస్తుంటే మాత్రం మైకు చోటు తప్పు: ఎదురుగా, కనీసం ఒక మీటరు దూరంలో పెట్టి, కొంచెం పక్కకు తిప్పి చూడమనండి.

ఫోన్‌తో రికార్డు చేసినప్పుడు ఇంకో చిక్కు. చాలా రికార్డర్ యాప్‌లు మట్టాన్ని వాటంతట అవే సర్దుతాయి. పెద్ద దెబ్బ పడగానే మొత్తం తగ్గించి, నెమ్మదిగా మళ్లీ పెంచుతాయి. అందుకే డప్పు పడ్డప్పుడల్లా గొంతు మునిగి తేలుతుంది. సెట్టింగుల్లో ఆ ఆటోమేటిక్ గెయిన్ ఆపే వీలుంటే ఆపమనండి, లేకపోతే డప్పు, గొంతు వేరువేరుగా రికార్డు చేయమనండి. మట్టం శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలి. సున్నాకు తగిలి పగిలిన దెబ్బను తర్వాత ఎంత తగ్గించినా పగులు పోదు, చిన్నగా వినిపించే పగులు అవుతుంది, అంతే.

గొంతు తాళం కంటే వెనక పడితే వెంటనే "లయ లేదు" అనకండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాడారేమో అడగండి. ట్రాక్ చెవికి చేరేసరికే 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యం అవుతుంది, పాడేవాళ్లు ఆ ఆలస్యాన్ని నమ్మి పాడతారు. గుర్తు పట్టడం సులువు: లయ తప్పినవాళ్ల గొంతు ఒకచోట ముందుకు, ఒకచోట వెనక్కి పోతుంది. బ్లూటూత్ ఆలస్యం పాట పొడుగునా ఒకే కొలతలో ఉంటుంది. గొంతు ట్రాక్ మొత్తాన్ని ఆ మేర ముందుకు జరిపితే సరిపోతుంది, మళ్లీ పాడక్కర్లేదు. లయ లేదన్న మాట పడి పాడటమే మానేసేవాళ్లుంటారు, తప్పేమో ఇయర్‌ఫోన్లది.

శృతి విషయం కూడా అంతే. "శృతి పోయింది" అనేది సగం మాట. ఎక్కడ, ఎటు, ఎందుకు అన్నది మిగతా సగం. పాట పొడుగునా కొంచెం కిందే ఉంటే ఇయర్‌ఫోన్లలో ట్రాక్ మరీ గట్టిగా పెట్టుకుని ఉంటారు, తమ గొంతు తమకు వినిపించదు. ఒక చెవి తీసి పాడమంటే చాలాసార్లు సర్దుకుంటుంది. పై స్థాయిలో మాత్రమే జారితే అది గొంతు హద్దు: "2:05లో చరణం చివర పై షడ్జమం అందడం లేదు, ఐదున్నర శృతి నుంచి ఐదుకు దించి చూడు" అనాలి. ట్రాక్ కీబోర్డులో చేసినదైతే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కితే అయిపోతుంది. లైన్ ఎత్తుకునే చోటే తప్పుతుంటే ఆ ముందున్న మ్యూజిక్‌లో ఎత్తుగడ స్వరం వినిపించడం లేదని అర్థం, అక్కడ ఒక చిన్న ఫ్లూట్ ముక్క ఆ స్వరం మీద ఆగేలా వేసుకుంటే చాలు.

గొంతును దానంతట అదే శృతిలోకి సర్దే ఆటోట్యూన్ గురించి ఒక్క మాట. మన జానపద గొంతులో ఎత్తుకోవడమే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ ఉంటుంది. ఆటోట్యూన్ సర్దే వేగం సున్నా మీద పెడితే ఆ జారుడు మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. స్కేలు సరిగ్గా పెట్టి, వేగం 30, 40 మిల్లీసెకన్ల దగ్గర ఉంచి, రాగం తీసే చోట పూర్తిగా ఆపేయమనండి.

బతుకమ్మ పాటల్లో "ఉయ్యాలో" అని అందుకునే కోరస్ దగ్గర ప్రతి ఏడూ వినిపించే లోపం ఒకటుంది: ఒకే గొంతు టేకును కాపీ చేసి నాలుగు ట్రాకుల్లో పెట్టడం. అచ్చం ఒకేలా ఉన్న రెండు టేకులు కలిస్తే గుంపు కాదు, అదే గొంతు 6 డెసిబెల్స్ గట్టిగా వస్తుంది. గుంపు అనిపించేది టేకుల మధ్య ఉండే చిన్న చిన్న తేడాల వల్ల. కాబట్టి ఒక్కరే ఉన్నా సరే, నాలుగుసార్లు విడివిడిగా పాడి, ఒకసారి మైకుకు దగ్గరగా, ఒకసారి రెండడుగులు వెనక్కి నిలబడి, కుడి ఎడమలకు పంచాలి. ఇంట్లో అమ్మనో, పక్కింటి అక్కనో ఒక్క టేకు పాడమంటే ఇంకా మంచిది. అలాగే ఈ పాటల వేగం చెప్పాలంటే కుర్చీలో కూర్చుని చెప్పలేం. లేచి, చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ రెండు చుట్లు తిరిగితే ఎక్కడ ఆయాసం వస్తుందో తెలుస్తుంది.

మాటల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే అవి రాసినవాళ్ల సొంత ఆస్తి. "ఈ లైన్ ఇలా రాయి" అని మన లైన్ వాళ్ల నోట్లో పెట్టకూడదు. కానీ చెవికి వినిపించే తప్పు చెప్పాలి. బాణీలో పొట్టి అచ్చు పొడుగు స్వరం మీద పడితే మాటే మారిపోతుంది. "చెరువు"లో మొదటి అక్షరాన్ని రెండు మాత్రలు లాగితే అది "చేరువ" లాగా వినిపిస్తుంది, భద్రకాళి చెరువు గురించి రాసిన పాట ఎవరి దగ్గరికో చేరడం గురించి అయిపోతుంది. లాగాలనుకుంటే చివరి అచ్చును లాగమనండి, "చెరువూ" అని. జానపదుల పద్ధతీ అదే.

యాస మీద ఇంకో సంగతి. పల్లవిలో "వచ్చిండు" అని, చరణంలో "వెళ్ళాడు" అంటే పాడే మనిషి మధ్యలో మారినట్టుంటుంది. ఏదో ఒకటి పట్టుకోమనాలి. పట్టుకున్నది "అచ్చిండు", "గట్ల" అయితే దాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్దే పని మాత్రం పెట్టుకోకండి. సినిమా తెలుగు చెవులతో జానపదాన్ని దిద్దేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

విన్నది వేరే పాటలా అనిపిస్తే నలుగురిలో అనకండి. ఆ ఒక్కరికే, "0:38 నుంచి నాలుగు లైన్ల బాణీ ఫలానా పాటకు దగ్గరగా ఉంది, పోల్చి చూడు" అని రెండు పాటల టైములూ ఇవ్వండి. తాతల కాలం నుంచి వస్తున్న బాణీ ఎవరి సొత్తూ కాదు. ఎవరో దానికి చేసుకున్న రికార్డింగు మాత్రం వాళ్లదే, అందులోంచి డోలు ముక్క కత్తిరించి వాడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చి పడుతుంది. ఏఐ యాప్‌లో బాణీ, గొంతు తయారు చేయించుకుని మాటలు మాత్రం తాము రాసుకున్నవాళ్లకు మాటల గురించే చెప్తే చాలు. ఆ యాప్ గొంతు బాగుందని మెచ్చుకోవడం దండగ.

ఇన్ని విన్నా, పంపేది మూడే. పది లోపాలు చదివినవాడు ఒక్కటీ దిద్దడు. ఏ మూడు అంటే, మళ్లీ పాడక్కర్లేకుండా ఈ రాత్రే దిద్దగలిగేది ఒకటి, రేపు ఒక గంట కూర్చుంటే అయ్యేది ఒకటి, తర్వాతి పాటకు పనికొచ్చేది ఒకటి. దానికి ముందు నిలబెట్టుకోవాల్సినదాన్ని చెప్పాలి, అదీ కారణంతో. ఇలా ఉంటుంది:

"చెల్లే, 1:12లో డోలు ఆగి నీ గొంతు ఒక్కటే ఉన్న రెండు లైన్లు పాటలో అన్నిటికంటే గట్టిగ తాకినయ్, ఖాళీ ఉంది గనుక. అక్కడ ఏమీ నింపకు. గొంతు మీద ప్రతిధ్వని ఎక్కువైంది, ప్రీడిలే, అంటే ప్రతిధ్వని మొదలయ్యే ముందు ఆగే సమయం, 30 మిల్లీసెకన్లు పెట్టు, ప్రతిధ్వనిల 250 హెర్ట్జ్ కింద కోసెయ్, మాటలు బయటికొస్తయ్. రెండో చరణంల 'ప', 'భ' దగ్గర గాలి మైకుకు కొడుతంది, ఆ నాలుగు లైన్లు జానెడు దూరం నుంచి, మైకుకు కొంచెం పక్కగ పాడి మళ్ల వెయ్. తర్వాతి పాటకు బండల గదిల కాకుండ, వెనక రెండు బొంతలు వేలాడదీసి పాడు."

ఇందులో ఎక్కడా "నువ్వు" తప్పు చేశావని లేదు. మైకు, గది, ప్రతిధ్వని మాత్రమే ఉన్నాయి. పాడింది ఆడపిల్ల అయితే వీడియోలో ఎలా కనిపించిందన్నది మన పని కాదు, ఒక్క మాట కూడా వద్దు.

రెండో వెర్షన్ వచ్చినప్పుడు మొదటిదాన్ని చెరపకుండా పక్కన పెట్టుకుని, రెండిటి సౌండూ సమానం చేసి వినండి. గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, రెండు డెసిబెల్స్ తేడా చాలు మోసపోవడానికి. మరీ గట్టిగా నొక్కి మాస్టరింగ్ చేసినా యూట్యూబ్ దాన్ని మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి దించుతుంది, అప్పుడు మిగిలేది నలిగిన డప్పే. మారినవి మూడూ చూసి, ఏది కుదిరిందో చెప్పి, కొత్త లోపాలు వెతకడం అక్కడితో ఆపండి. మూడో వెర్షన్ అడిగితే గడువు ఎంత ఉందో మళ్లీ అడగండి.